చక్కెర కర్మాగారం మూతపడితే: చెరకు సాగు, పన్నుల రాబడి, గ్రామీణ ఉపాధి

తెలుగు రాష్ట్రాలలో చెరకు సాగు తగ్గుదలను వివరించేటప్పుడు సాధారణంగా నీటి కొరత, కూలీల కొరత, ఎర్రకుళ్ళు తెగులు, తక్కువ దిగుబడి అనే నాలుగు కారణాలు చెప్పడం పరిపాటి. ఈ నాలుగూ వాస్తవాలే. అయితే కాలువ నీటి ఆధారం గల నిజాంసాగర్ ఆయకట్టులోను, 1913లో నెలకొన్న చెరకు పరిశోధనా స్థానం చెంతనే ఉన్న అనకాపల్లి ప్రాంతంలోను కూడా ఈ పంట వెనుకకు తగ్గిందంటే, కారణాన్ని పొలంలో మాత్రమే వెదకడం సరిపోదు. కర్మాగారం ఆర్థిక స్థితి, పన్నుల విధానం, బకాయిల చెల్లింపు కూడా చెరకు సాగును నిర్ణయించే అంశాలే. విస్తరణ శాస్త్రవేత్తల నివేదికలలో వీటికి దక్కుతున్న చోటు చాలా తక్కువ.

చెరకుకు, కర్మాగారానికి ఉన్న సంబంధం ఇతర పంటలలో కనిపించేది కాదు. వరి, మొక్కజొన్న, పసుపు పండించిన రైతు ధర నచ్చనప్పుడు పంటను ఆరబెట్టి, కొంతకాలం నిల్వ చేసి, మరొక మార్కెట్టుకు తరలించగలడు. నరికిన చెరకుకు ఆ వెసులుబాటు లేదు. కోత పూర్తయిన క్షణం నుంచే గడలో సుక్రోజు గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోవడం ఆరంభమవుతుంది. ఎండ తీవ్రతను బట్టి గడ బరువు కూడా తగ్గుతుంది. అందువల్లనే నరికిన 24 గంటలలోపు గానుగ ఆడించాలని సిఫారసు. దూరపు కర్మాగారానికి తరలిస్తే రవాణా ఖర్చు ఒకవైపు, తూకంలో తరుగు మరొకవైపు రైతును దెబ్బతీస్తాయి. చెరకు నియంత్రణ ఉత్తర్వు, 1966 ప్రకారం రెండు కర్మాగారాల నడుమ కనీసం 15 కిలోమీటర్ల దూరం ఉండాలి. ఒక్కొక్క కర్మాగారానికి కొంత ప్రాంతాన్ని కేటాయించే అధికారమూ ఆ ఉత్తర్వులో ఉంది. ఫలితంగా అధిక ప్రాంతాలలో రైతుకు కొనుగోలుదారు ఒక్కరే.

దీనికి పంట కాలం తోడవుతుంది. మొక్క తోటకు ముచ్చెలు, దుక్కి, నాటుడు కలిసి పెట్టుబడి అధికం. ఆ ఖర్చు మొదటి కోతతో పూర్తిగా తిరిగి రాదు. తరువాతి ఒకటి రెండు కార్శి పంటల మీదనే రైతు లాభం ఆధారపడి ఉంటుంది. అంటే చెరకు నాటిన రైతు రెండు మూడేళ్ళపాటు కర్మాగారం నడుస్తుందని నమ్మి పెట్టుబడి పెడుతున్నాడు. మధ్యలో కర్మాగారం ఆగిపోతే పోయేది ఒక సీజను ఆదాయం మాత్రమే కాదు.

బోధన్, అనకాపల్లి: రెండు అనుభవాలు

మంజీర నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ నీటిని ఆధారం చేసుకుని 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. కర్మాగారం చుట్టూ శక్కర్‌నగర్ అనే ఊరే వెలసింది. కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి వచ్చిన రైతులు ఆయకట్టులో భూములు కొని స్థిరపడిన పల్లెలను నేటికీ క్యాంపులనే పిలుస్తారు. సమీపంలోని రుద్రూరు పరిశోధనా కేంద్రం చెరకు, వరి పంటలపై కృషి చేస్తూ వచ్చింది. ప్రభుత్వ రంగంలోని ఈ సంస్థ 2002లో ప్రైవేటు భాగస్వామికి 51 శాతం, ప్రభుత్వానికి 49 శాతం వాటాలతో ఉమ్మడి సంస్థగా మారింది. 2015 డిసెంబరులో బోధన్, మెట్‌పల్లి వద్దనున్న ముత్యంపేట, మెదక్ వద్దనున్న మంబోజిపల్లి యూనిట్లు మూడింటిలోను లే ఆఫ్ ప్రకటించారు. ఆ ప్రాంతాల రైతులు వరి, మొక్కజొన్న, సోయాచిక్కుడు, పసుపు వైపు మళ్ళారు.

ఉత్తరాంధ్ర అనుభవం కొంత భిన్నమైనది. అక్కడ ఏటికొప్పాకలో 1933లోనే సహకార పద్ధతిన చక్కెర తయారీ సంస్థ ఏర్పడింది. తరువాతి కాలంలో తుమ్మపాల, తాండవ, చోడవరం, భీమసింగి కర్మాగారాలు వచ్చాయి. వీటిలో చోడవరం మినహా మిగిలినవి గత రెండు దశాబ్దాలలో ఒకదాని తరువాత ఒకటిగా నిలిచిపోయాయి. చివరి వరకు నడిచిన చోడవరం కర్మాగారాన్ని కూడా బకాయిలు వదలలేదు. అయినప్పటికీ అక్కడ చెరకు ఒక్కసారిగా మాయం కాలేదు. కారణం బెల్లం. రైతు పొలం గట్టున గానుగ, పొయ్యి, పెనం ఉన్నాయి. అనకాపల్లిలో పేరున్న బెల్లం మార్కెట్టు ఉంది. 87 ఎ 298 వంటి రకాలు అక్కడి పరిశోధనా స్థానం నుంచే వెలువడ్డాయి. కర్మాగారం డబ్బు ఆలస్యం చేసినప్పుడు రైతు గడను గానుగకు మళ్ళించగలిగాడు. బోధన్ రైతుకు ఆ రెండవ ద్వారం లేదు.

అయితే బెల్లం రక్షణ అసంపూర్ణమైనది. చెరకుకు చట్టబద్ధమైన ధర ఉంది, బెల్లానికి లేదు. నాటుసారా నియంత్రణ పేరిట నల్లబెల్లంపై విధించే ఆంక్షల ఇబ్బంది మంచి బెల్లం వండేవారికీ తప్పదు. 2022 జూలై 18 నుంచి ముందుగా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బెల్లంపై 5 శాతం వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చింది. విడి బెల్లానికి పన్ను లేదు. విలువ జోడింపు చేయమని రైతుకు సలహా ఇచ్చే శాస్త్రవేత్త ఈ తేడాను కూడా లెక్కలో చెప్పాలి.

ధర, బకాయి: ఒక లెక్క

కర్మాగారాల నష్టానికి నిర్వహణ లోపాలు, పాత యంత్రాలు, రాజకీయ జోక్యం కారణాలని తరచు చెబుతారు. వాటి పాత్రను కాదనలేము. కానీ ఒక టన్ను చెరకు లెక్క చూస్తే సమస్య మూలం మరింత స్పష్టమవుతుంది.

2024-25 సీజనుకు కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన న్యాయమైన, లాభదాయక ధర 10.25 శాతం చక్కెర రికవరీకి క్వింటాలుకు 340 రూపాయలు. రికవరీ తగ్గితే ధర కూడా తగ్గుతుంది; 9.5 శాతం కంటే తగ్గినా రైతుకు 315 రూపాయల 10 పైసలకు తగ్గకుండా చెల్లించాలి. 9.5 శాతం రికవరీ గల కర్మాగారంలో టన్ను చెరకు నుంచి 95 కిలోల చక్కెర వస్తుంది. 2019 ఫిబ్రవరి నుంచి చక్కెర కనీస అమ్మకపు ధర కిలోకు 31 రూపాయలు. ఆ ధరకు అమ్మితే వచ్చేది 2,945 రూపాయలు. చెరకుకు ఇవ్వవలసినది 3,151 రూపాయలు. అంటే కనీస ధర వద్ద చెరకు ఖరీదే రాదు. మార్కెట్టులో చక్కెర అంతకన్న ఎక్కువకే అమ్ముడవుతుంది. కిలో 36 రూపాయలకు అమ్ముడుపోయిందనుకుంటే రాబడి 3,420 రూపాయలు. చెరకు ధర పోగా మిగిలేది 269 రూపాయలు. జీతాలు, ఇంధనం, మరమ్మతులు, అప్పుపై వడ్డీ అన్నీ ఆ మిగులులోనే, లేదా మొలాసిస్, పిప్పి రాబడిలోనే సర్దుకోవాలి. రికవరీ 8.5 శాతానికి పడితే అదే 36 రూపాయల ధరకు వచ్చేది 3,060 రూపాయలు. చెరకుకు చెల్లించవలసినది మాత్రం 3,151 రూపాయలే.

ఇక్కడే విధానంలోని చిక్కు ఉంది. 9.5 శాతం దిగువన రైతు ధరకు పెట్టిన అడ్డుకట్ట కాగితంపై రైతును రక్షిస్తుంది. ఆ నష్టమంతా కర్మాగారంపై పడుతుంది. డిస్టిలరీ గాని, విద్యుదుత్పత్తి గాని లేని చిన్న సహకార కర్మాగారం దానిని భరించలేదు. బకాయి రూపంలో అది తిరిగి రైతు గుమ్మానికే చేరుతుంది. చెరకు అందిన 14 రోజులలో డబ్బు చెల్లించాలని, జాప్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ ఇవ్వాలని 1966 ఉత్తర్వు నిర్దేశించింది. భూమి శిస్తు బకాయి మాదిరిగా వసూలు చేసే అధికారమూ ఇచ్చింది. ఖజానాలో డబ్బు లేని సంస్థ దగ్గర ఈ నిబంధనలతో వసూలయ్యేది స్వల్పం. బకాయిపడిన రైతు మరుసటి ఏడు చెరకు తగ్గిస్తాడు. చెరకు తగ్గితే క్రషింగ్ రోజులు తగ్గుతాయి, టన్నుకు పడే స్థిర ఖర్చు పెరుగుతుంది, బకాయి మరింత పేరుకుంటుంది.

పన్ను ఎవరికి, నష్టం ఎవరికి?

2017 జూలైకి పూర్వం రాష్ట్రాలు చెరకుపై కొనుగోలు పన్ను విధించేవి. అది ఉత్పత్తి స్థలంలో పుట్టే పన్ను. చెరకు ఆడితేనే వచ్చేది, కర్మాగారం ఆగితే ఆగిపోయేది. చక్కెరపై కేంద్ర ఎక్సైజు సుంకం, చక్కెర అభివృద్ధి నిధికి సెస్సు వేరుగా ఉండేవి. వస్తు సేవల పన్ను ఇవన్నీ తనలో కలుపుకొన్నది. చక్కెరపై పన్ను 5 శాతం. పై లెక్కలోని టన్ను చెరకుకు సుమారు 171 రూపాయలు.

కొత్త పన్ను గమ్యస్థాన ప్రాతిపదికన పనిచేస్తుంది. వస్తువు ఎక్కడ వినియోగమైతే రాష్ట్ర వాటా ఆ రాష్ట్రానికే చేరుతుంది. బోధన్ చక్కెర బదులు మహారాష్ట్ర లేదా కర్ణాటక చక్కెర నిజామాబాద్ దుకాణంలో అమ్ముడైనా తెలంగాణ వాటా తెలంగాణకే వస్తుంది. వినియోగదారుల దృష్టితో ఇది సవ్యమైన పద్ధతే. కానీ దీని ఫలితంగా కర్మాగారం మూతపడినప్పుడు రాష్ట్ర ఖజానాకు తగిలే దెబ్బ చాలావరకు కనుమరుగైంది. కొనుగోలు పన్ను పద్దు తగ్గినప్పుడు కలిగే ఆందోళన ఇప్పుడు కలగడానికి అలాంటి పద్దే లేదు. నష్టం మాత్రం అలాగే ఉంది. అది రైతు బ్యాంకు ఖాతాలోను, కార్మికుని భవిష్య నిధిలోను, కర్మాగారం నుంచి ఇంటి పన్ను పొందే గ్రామ పంచాయతీ లెక్కలలోను కనిపిస్తుంది. ఇవి సచివాలయంలో ఒకే బల్లపైకి ఎన్నడూ రావు.

కర్మాగారం దివాలా ప్రక్రియలోకి వెళ్ళినప్పుడు పన్నుకు, రైతుకు మధ్యనున్న సంబంధం మరింత కఠినంగా తేలుతుంది. దివాలా స్మృతి, 2016లోని 53వ సెక్షన్ ఆస్తులు అమ్మగా వచ్చిన డబ్బు పంపకానికి ఒక వరుస నిర్ణయించింది. ప్రక్రియ ఖర్చుల తరువాత కార్మికుల 24 నెలల బకాయిలు, హామీ గల రుణదాతలు సమాన స్థానంలో ఉంటారు. తరువాత ఇతర ఉద్యోగుల 12 నెలల వేతనం, పిదప హామీ లేని ఆర్థిక రుణదాతలు. ఆ పైన రెండేళ్ళ ప్రభుత్వ బకాయిలు. సరుకు అరువిచ్చిన వారి పద్దు వీటన్నిటికీ తరువాతది. చెరకు తోలిన రైతు సాధారణంగా ఆ పద్దులోనే మిగులుతాడు. పన్ను బాకీ తీరిన తరువాతే చెరకు బాకీ వంతు. ఈ వరుస కంపెనీలకు వర్తించేది. సహకార సంఘంలో రైతు స్వయంగా వాటాదారు కాబట్టి, సంఘం మూతపడితే చెరకు డబ్బుతో పాటు వాటా ధనానికీ ముప్పే.

ఉపాధి విషయంలో కూడా చట్టం చేయి అందరికీ అందదు. 2015 నాటికి అమలులో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం, 1947 ప్రకారం లే ఆఫ్ కాలానికి మూల వేతనం, కరువు భత్యాలలో సగం చెల్లించాలి. సీజనల్ స్వభావం గల సంస్థలకు ఆ నిబంధన వర్తించదు. ఏది సీజనల్ అనే నిర్ణయం ప్రభుత్వానిది. పర్మనెంటు కార్మికుని పేరు కనీసం హాజరు పట్టీలో ఉంటుంది. చెరకు నరికే ముఠాలు, బండ్లవారు, ట్రాక్టరు యజమానులు, కేన్ యార్డు వద్ద టీ దుకాణాలు నడిపేవారు ఏ పట్టీలోను ఉండరు. వరి కోతకు యంత్రం వచ్చింది, చెరకు కోత ఇంకా ఎక్కువగా మనుషుల చేతి పనే. కనుక చెరకు స్థానంలో వరి వచ్చిన గ్రామంలో భూమి బీడు పడదు, కూలి దినాలు మాత్రం తగ్గుతాయి. సాగు విస్తీర్ణం లెక్కలు మాత్రమే చూసేవారికి ఈ మార్పు నష్టంగా కనిపించదు.

విస్తరణ సిబ్బందికి

కర్మాగారం కష్టంలో ఉందని బ్యాంకులకన్న ముందు తెలిసేది ఫీల్డ్‌మన్‌కు, రైతుకు. కటింగ్ పర్మిట్ల జారీలో జాప్యం, యార్డులో బండ్లు నిలిచే గంటలు పెరగడం, పక్షం వారీ చెల్లింపు తప్పడం తొలి సంకేతాలు. దిగుబడి, బ్రిక్స్, తెగులు శాతంతో పాటు చెరకు తోలిన తేదీ, డబ్బు అందిన తేదీ కూడా గ్రామ సర్వే పత్రంలో రెండు గడులుగా చేరితే మూడు సీజన్లలోనే విలువైన సమాచారం పోగవుతుంది. విద్యార్థుల పరిశోధనకు ఇది మంచి అంశం.

నాటే సమయం మరొక కీలకం. మన ప్రాంతాలలో చెరకు నాటడం ఎక్కువగా క్రషింగ్ సీజనులోనే జరుగుతుంది. అంటే పాత పంట డబ్బు పూర్తిగా రాకముందే కొత్త పంట నిర్ణయం జరిగిపోతుంది. వరుసగా రెండు పక్షాల చెల్లింపు తప్పిన కర్మాగారం పరిధిలో కొత్త మొక్క తోటలు పెంచమని సలహా ఇవ్వడం శాస్త్రీయం కాదు. ఉన్న కార్శి తోటలను నిలుపుకొని, ఖాళీ అయిన భూమిలో మినుము, పెసర వంటి స్వల్పకాలిక పంటలు వేయించడం మేలు. బెల్లం మార్కెట్టు అందుబాటులో ఉన్నచోట బెల్లానికి అనువైన రకాలను ముందుగానే కొంత విస్తీర్ణంలో ఉంచాలి. వాస్తవానికి ఇది కర్మాగారం బాగున్న రోజులలోనే చేయవలసిన పని.

చెరకు బదులు ఆయిల్‌పామ్ సూచించేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. 2021లో మొదలైన జాతీయ వంటనూనెల మిషన్ తరువాత రెండు రాష్ట్రాలలోను ఈ పంటకు ప్రోత్సాహం పెరిగింది. దీని గెలలను కూడా కోసిన 24 గంటలలోపు మిల్లుకు చేర్చాలి. ఇక్కడా కేటాయించిన జోనులో కొనుగోలుదారు ఒక్కరే. పంట కాలం మూడేళ్ళు కాదు, పాతికేళ్ళ పైమాట. గెల ధర ముడి పామాయిల్ ధరను, అది దిగుమతి సుంకాన్ని అనుసరిస్తాయి. ముడి పామాయిల్‌పై సెస్సులతో కలిపి 5.5 శాతంగా ఉన్న సుంకం 2024 సెప్టెంబరులో 27.5 శాతానికి పెరిగి, 2025 మే చివర 16.5 శాతానికి తగ్గింది. తొమ్మిది నెలలైనా గడవని ఆ కాలంలో, అప్పుడు నాటిన మొక్క తొలి గెల కూడా వేసి ఉండదు.