శక్కర్‌నగర్ చక్కెర – ఆంగ్లేయుల వేసవి మిఠాయి

బోధన్ పట్టణాన్ని ఆనుకొని శక్కర్‌నగర్ అనే నివాసప్రాంతం ఉన్నది. 1937వ సంవత్సరంలో, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, అక్కడ నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. దానికి ముందే, 1923లో ఆరంభించి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ జలాశయం మంజీరా నీటిని ఈ నేలకు మళ్లించింది. నీరు వచ్చింది, చెరకు వచ్చింది, ఆపైన మిల్లు వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోని అతి పెద్ద చక్కెర మిల్లులలో ఒకటిగా దానికి పేరుండేది. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది. 2015 డిసెంబరులో లాకౌట్ ప్రకటించి తలుపులు మూసివేశారు. మన విద్యార్థులలో శక్కర్‌నగర్ క్వార్టర్లలో పుట్టినవారి బిడ్డలున్నారు. వారికి ఈ చరిత్ర మేము చెప్పవలసిన పని లేదు. అయితే వారి తాతలు గన్నీ సంచులలో నింపి పంపిన ఆ తెల్లని పలుకు వంటింట్లో ఏయే పనులు చేయగలదో కొంత చెప్పవలసి ఉన్నది. అందుకు మేము ఎన్నుకొన్న ఉదాహరణ ఆంగ్లేయులు వేసవిలో తినే ఒక తేలికైన మిఠాయి. దాని పేరు ఈటన్ మెస్.

పేరు విని హాస్టలు విద్యార్థులు నవ్వుకొంటారని మాకు తెలుసు. వారి నవ్వులో తప్పు లేదు. మన హాస్టలు మెస్సూ, ఈ మిఠాయి పేరులోని మెస్సూ ఒకే మాట. పాత ఫ్రెంచి భాషలో ఆ మాటకు వడ్డనకు పంపిన వంటకం అని అర్థం. తరువాత కలిసి కూర్చొని తినేవారి పంక్తికీ, ఆ తినే చోటుకూ అదే పేరు స్థిరపడింది. గందరగోళం, కలగాపులగం అన్న అర్థాలు ఆ తరువాత పుట్టినవి. ఇక ఈటన్ అన్నది ఇంగ్లండులో 1440లో ఆరవ హెన్రీ రాజు నెలకొల్పిన పాఠశాల. ఆ పాఠశాలకూ, హారో పాఠశాలకూ లండన్‌లోని లార్డ్స్ మైదానంలో క్రికెట్ పోటీ జరగడం చాలా పాత ఆనవాయితీ. ఈ మిఠాయిని ఆ పోటీతో ముడిపెట్టి చెప్పడం పరిపాటి. పండిట్ జవహర్‌లాల్ నెహ్రూ చదివినది హారోలో. కనుక ఇది ఆయనకు ఎదుటి పక్షంవారి మిఠాయి అన్నమాట. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకంలోనే ఈ పేరు అచ్చులో కనిపిస్తుంది. 1930 ప్రాంతంలో ఆ పాఠశాల తినుబండారాల దుకాణంలో స్ట్రాబెర్రీలనో అరటిపండ్లనో మీగడతోగాని ఐస్‌క్రీముతోగాని కలిపి ఇచ్చేవారు. ఒక కుక్క మిఠాయి బుట్టపై కూర్చుని దానిని నలిపివేయగా ఇది పుట్టిందన్న కథ కూడా ఉన్నది. ఆ కథను మేము నమ్మము. మంచి వంటకం దేనికైనా ఇటువంటి కట్టుకథ ఒకటి అంటుకొని ఉంటుంది.

ఇందులో ఉన్నవి మూడే: పుల్లని పండు, గిలకొట్టిన మీగడ, మెరాంగ్. మొదటి రెండింటి కలయిక మన దస్తర్‌ఖాన్‌కు కొత్త కాదు. ఖుబానీ కా మీఠా చేసేటప్పుడు ఎండు ఖుబానీలను రాత్రంతా నానబెట్టి, ఆ నీటిలోనే చక్కెరతో ఉడికించి, గింజలు పగులగొట్టి తీసిన పప్పును పైన చల్లి, చివరకు మీగడ వేసి వడ్డిస్తాము. సీతాఫలం గుజ్జును మీగడతో కలిపి తినడమూ హైదరాబాదు అలవాటే. మనకు లేనిది మూడవది, మెరాంగ్. అది చక్కెర, గుడ్డులోని తెల్లసొన, గాలి, ఈ మూడింటితో కట్టిన బోలు రాయి వంటిది. నోట వేసుకొంటే రాయి కరిగిపోతుంది. దక్షిణ దేశంలో తూత్తుకుడి బేకరీలవారు దీనికి జీడిపప్పు పొడి చేర్చి మకరూన్ పేరుతో చాలాకాలంగా అమ్ముతున్నారు. కనుక మన వాతావరణంలో ఇది సాధ్యం కాదనే మాటకు ఆధారం లేదు.

తెల్లసొనలో నూటికి తొంభై వంతులు నీరు. మిగిలిన దానిలో అధికభాగం మాంసకృత్తులు. ఈ మాంసకృత్తుల అణువులు ఉండలు చుట్టుకొన్న దారాలవలె ఉంటాయి. గిలకొట్టినప్పుడు ఆ ఉండలు విడిపోయి, లోనికి చొరబడిన గాలి బుడగల చుట్టూ పొరలుగా పేరుకొని, ఒకదానితో ఒకటి పెనవేసుకొంటాయి. అదే నురుగు. అయితే ఉత్త నురుగు నిలువదు. కొంతసేపటికి నీరు కిందికి జారి బుడగలు కూలిపోతాయి. చక్కెర ఆ నీటిలో కరిగి దానిని చిక్కబరుస్తుంది. చిక్కని నీరు త్వరగా జారదు. పిమ్మట సన్నని వేడిలో నీరు ఆవిరై పోగా చక్కెర గోడలు కట్టినట్లు గట్టిపడి బుడగలను పట్టి ఉంచుతుంది. నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే మాంసకృత్తుల పొరలు మరీ బిగుసుకొని విరిగిపోకుండా ఉంటాయి. కొవ్వు దీనికి బద్ధశత్రువు. పచ్చసొన బొట్టు పడినా, గిన్నెకు నూనె జిడ్డు ఉన్నా నురుగు సరిగా పొంగదు. అందుచేత మజ్జిగ చిలికే కొయ్య కవ్వాన్ని దీనికి వాడరాదు. ఏళ్ల తరబడి పీల్చుకొన్న వెన్న అందులో దాగి ఉంటుంది. ప్లాస్టిక్ గిన్నె కూడా పనికిరాదు. స్టీలు గిన్నెను నిమ్మచెక్కతో రుద్ది, కడిగి, తుడిచి వాడవలెను.

ఇక్కడ మన చక్కెర పలుకు గురించి ఒక మాట. సంస్కృతంలో శర్కర అంటే మొదట గులకరాయి, మొరం. అది ప్రాకృతంలో సక్కరగాను, తెలుగులో చక్కెరగాను, పారశీకంలో శకర్‌గాను, అరబ్బీలో సుక్కర్‌గాను మారి, ఐరోపా చేరి ఆంగ్లంలో షుగర్ అయింది. ఉర్దూ విభాగం విద్యార్థి శక్కర్ అన్నా, తెలుగు విభాగం విద్యార్థి చక్కెర అన్నా పలుకుతున్నది ఒకే పూర్వపు మాటను. మన మిల్లుల చక్కెర ఇప్పటికీ ఆ మొరం అర్థానికి దగ్గరగానే ఉంటుంది; ఆంగ్లేయులు ఈ మిఠాయికి వాడే చక్కెర అంతకంటె చాలా సన్ననిది. పెద్ద పలుకు తెల్లసొనలో పూర్తిగా కరగదు. కరగనిది వేడి తగలగానే పాకమై బొట్లుబొట్లుగా కారుతుంది. కనుక చక్కెరను మిక్సీలో ఒక్క నిమిషం తిప్పుకోవలెను. సన్నని రవ్వలాగా ఉంటే చాలు, పిండి కానక్కర లేదు.

ఆరుగురికి కావలసినవి ఇవి. గుడ్లు మూడు, చక్కెర 150 గ్రాములు, నిమ్మరసం అర చెంచా, పండు అర కిలో, మీగడ 250 గ్రాములు. నూరు కిలోల చెరకు ఆడితే సుమారు పది కిలోల చక్కెర వస్తుంది. అంటే ఈ 150 గ్రాముల వెనుక కిలోన్నర చెరకు ఉన్నది. ఎడ్లబండ్ల మీద చెరకు మిల్లుకు తోలిన ఇళ్లవారికి ఈ లెక్క మాకన్నా బాగా తెలుస్తుంది.

గుడ్లను చల్లగా ఉన్నప్పుడే పగులగొట్టి సొనలు వేరుచేయడం సులభం. గిలకొట్టేది మాత్రం చల్లదనం పోయిన తరువాత. ఒక్కొక్క గుడ్డును ముందు చిన్న గిన్నెలో వేరుచేసి, పచ్చసొన చిట్లలేదని చూచుకొన్నాకనే పెద్ద గిన్నెలో పోయవలెను. నిమ్మరసం వేసి గిలకొట్టగా, పుల్ల పైకి లేపినప్పుడు నురుగు మొనదేలి, ఆ మొన వంగే స్థితి వస్తుంది. అప్పటినుంచి చక్కెరను ఒక్కొక్క చెంచా చొప్పున వేస్తూ గిలకొట్టడం సాగించవలెను. తొందర పనికిరాదు. వేళ్ల నడుమ రుద్దితే పలుకు తగలకూడదు. నురుగు పట్టువస్త్రంవలె మెరవాలి. గిన్నె బోర్లించినా జారరాదు. ఈ చివరి పరీక్షను నెమ్మదిగా వంచి చూడడం మేలు. చేతితోనైతే ఇరవై నిమిషాలకు తక్కువ కాదు, ఇద్దరు వంతులు వేసుకొంటే భుజం నొప్పి పుట్టదు.

ఈ నురుగును పళ్లెంలో పరచిన వెన్నకాగితం మీద చెంచాలతో గుట్టలుగా పెట్టి, ఓవెన్‌లో 100 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటన్నర ఉంచి, ఆర్పివేసి, తలుపు తెరవక అందులోనే చల్లారనీయవలెను. ఇది కాల్చడం కన్నా ఎండబెట్టడానికి దగ్గర. లేత గోధుమరంగు వస్తే వేడి ఎక్కువైందని అర్థం, తినడానికి దోషం లేదు. ఇంట్లో ఓవెన్ లేనివారు వాడలోని బేకరీవారిని అడగవచ్చు; రొట్టెలు తీసిన తరువాత చల్లారుతున్న భట్టీలోని వేడి ఇందుకు సరిగా సరిపోతుంది. మే నెలలో మన ఊరి ఎండ నలభై నాలుగు డిగ్రీలు దాటుతుంది గదా, మేడమీద పెట్టరాదా అని చురుకైన విద్యార్థి ఎవరైనా అడగవచ్చు. పెట్టరాదు. వడియాలు వేరు, గుడ్డు వేరు. ఆ పాటి వెచ్చదనంలో గుడ్డులోని రోగక్రిములు చావవు సరికదా, పెరుగుతాయి.

కాని మన ఎండ మరొక విధంగా మేలు చేస్తుంది. చక్కెరకు గాలిలోని తేమను పీల్చే గుణం ఉన్నది. తేమ తగిలిన మెరాంగ్ జిగటపడి చేతికి అంటుకొంటుంది. మే నెలలో నిజామాబాదు గాలి ఎముకలా పొడిగా ఉంటుంది. మెరాంగ్ గట్టి మూత ఉన్న డబ్బాలో వారంపైన కరకరలాడుతూ నిలుస్తుంది. అదే జూలైలో ముసురు పట్టినప్పుడు చేస్తే సాయంకాలానికే చతికిలబడుతుంది. తేమగల ఇంగ్లండులో పుట్టిన వంటకానికి ఇందూరు వడగాలి ఇంత అనుకూలించడం మాకు ముచ్చటగా తోచింది.

ఎండ వల్ల కష్టపడేది మీగడ. మీగడలో గాలి నిలవాలంటే అందులోని వెన్న కణాలు కొంత గట్టిగా ఉండాలి. అంటే గిన్నె, పుల్ల, మీగడ మూడూ ఫ్రిజ్‌లో బాగా చల్లబడి ఉండాలి. నూటికి ముప్పై వంతులకు తక్కువ కాకుండా కొవ్వు కూడా ఉండాలి. డబ్బాలలో అమ్మే సాధారణ మీగడలో ఇరవై ఐదు వంతులే ఉంటుంది కనుక అది పలుచగానే ఉండిపోతుంది. బర్రెపాలను కాచి, చల్లార్చి, పైన కట్టిన మీగడను రెండు మూడు రోజులు పోగుచేసి, మంచు గిన్నెలో కొద్దిసేపు గిలకొడితే అంతకన్నా మేలైనది దొరుకుతుంది. ఇది మన ఇళ్లలో రోజూ వెన్న తీసే పనిలో మొదటి సగమే. ఎక్కడ ఆపవలెనో తెలియడమే నేర్పు. మరి నాలుగు తిప్పులు ఎక్కువైతే వెన్న చేతికి వస్తుంది.

పండు సంగతి కొంత విచారించదగినది. ఇంగ్లండులో స్ట్రాబెర్రీ జూన్, జూలై నెలల పండు. మన దేశంలో మహాబలేశ్వరం కొండల నుంచి వచ్చే స్ట్రాబెర్రీ చలికాలపు పండు. మార్చి దాటితే దొరకదు. కనుక వేసవిలో మనం వేరొక పండు చూచుకోవలెను. చాలామందికి వెంటనే మామిడి తోస్తుంది. బంగినపల్లి గొప్ప పండే, సందేహం లేదు. అయినప్పటికీ ఇక్కడ అది ఒంటరిగా సరిపోదు. మెరాంగ్ అంటే దాదాపు చక్కెరే. దానిని ఎదుర్కొనడానికి పులుపు కావాలి. స్ట్రాబెర్రీ చేసే పని అదే. తీపికి తీపి చేర్చితే నాలుక రెండు చెంచాలకే విసుగుపడుతుంది. మా ఎంపిక ఫాల్సా. ఎండకాలంలో బండ్ల మీద ఆకు పొట్లాలలో అమ్మే ఆ చిన్న ఊదారంగు పండు పుల్లగా, సువాసనగా ఉంటుంది. గింజలున్నందున పిడికెడు చక్కెరతో రెండు పొంగులు రానిచ్చి జల్లెడలో పిసికి గుజ్జు తీయవలెను. ఆ గుజ్జును బంగినపల్లి ముక్కల మీద పోస్తే పులుపు, తీపి, రంగు మూడూ కుదురుతాయి. ఫాల్సా దొరకనప్పుడు మామిడి ముక్కలకు నిమ్మరసం పట్టించినా కొంతవరకు సరి. జూన్‌లో నేరేడు వస్తుంది. దాని వగరు మీగడతో బాగుంటుంది కాని అప్పటికి గాలిలో తేమ చేరుతుంది.

కలపడం వడ్డించే నిమిషంలోనే జరగాలి. మెరాంగులను చేతితో పెద్ద ముక్కలుగా విరిచి, మీగడలో వేసి, పండు ముక్కలు చేర్చి, గరిటెతో రెండు మూడుసార్లు మాత్రమే తిప్పవలెను. ఎర్రని చారలు కనబడుతుండగా ఆపాలి. గంట ముందు కలిపి ఉంచితే మీగడలోని నీరు, పండు రసం మెరాంగ్‌లోకి ఇంకి అది పాకమైపోతుంది. పెండ్లి విందులలో దీనిని వందలమందికి పెట్టబూనేవారికి ఈ కారణంగానే మేము సలహా ఇవ్వలేము. అక్కడికి డబుల్ కా మీఠాయే తగినది, అది నానినకొద్దీ బాగుంటుంది. ఈటన్ మెస్ ఆరుగురో ఎనమండుగురో కూర్చున్న ఇంటి పంక్తికి సరిపోయే వంటకం. మెరాంగ్ వరకే లెక్కించినా ఒక్కొక్కరికి 25 గ్రాముల చక్కెర పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చేసిన సూచన ప్రకారం పెద్దవారికి రోజుకు అంతకు మించకపోవడం మేలు. మధుమేహం ఉన్న పెద్దలకు ఫాల్సా గుజ్జును చక్కెర లేకుండా విడిగా తీసి ఇవ్వవచ్చు.

మిగిలిన మూడు పచ్చసొనలను పారవేయరాదు. వాటికి ఒక నిండు గుడ్డు, పాలు, చక్కెర, నెయ్యి చేర్చి సన్నని సెగమీద కలియబెడితే మన ఇళ్లలో చేసే అండే కా హల్వా అవుతుంది. దానికి మిక్సీలో తిప్పిన సన్న చక్కెర అక్కరలేదు, సంచిలోని పలుకు చక్కెరే చాలు. ఆ సంచి ఖాళీ అయినప్పుడు దానిమీద అచ్చువేసిన మిల్లు పేరు, ఊరు పేరు ఒకసారి చదివి చూడవలసిందిగా శక్కర్‌నగర్ విద్యార్థులను కోరుతున్నాము.