బోరు వేయించే ముందు ఒక మాట

తల్లిదండ్రుల పేరిట సదఖా-ఎ-జారియాగా బోరు వేయిస్తామని దాతలు తరచూ మమ్మల్ని అడుగుతుంటారు. దాహం తీర్చడం గొప్ప దానమే. అయితే కొన్నిచోట్ల భూమిలోని నీరే మనిషి ఎముకల తీరును మార్చేస్తుంది. దాతలకు ఈ సంగతి తెలియాలని నాలుగు మాటలు రాస్తున్నాం.

మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. నల్గొండ జిల్లా రోగుల గురించి డాక్టర్ సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అక్కడి గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ నీటిలో కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. ఎండలెక్కువ కాబట్టి ఎక్కువ నీళ్లు తాగుతాం. ఒంట్లో చేరే ఫ్లోరైడూ పెరుగుతుంది. పసితనంలో తాగితే పళ్లపై మచ్చలు పడతాయి. ఏళ్ల తరబడి తాగితే నడుము, మెడ బిగుసుకుపోతాయి.

ఒకే బావి నీళ్లు తాగినా అందరికీ ఒకేలా హాని జరగదు. 1970ల్లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్గొండ పల్లెల్లో మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా కాళ్లు వంకరపోయిన పిల్లలను, యువకులను చూశారు. తిండిలో కాల్షియం తక్కువైన చోట ఫ్లోరైడ్ ఎముకలను మరింత దెబ్బతీస్తుంది. అంటే పాలు కొనలేని ఇంటి బిడ్డకే ముప్పు ఎక్కువ. ఇది వంశపారంపర్యం కాదు, తలరాతా కాదు. తాగే నీరు, తినే తిండి కలిసి చేసే పని. ముదిరాక మందులతో కాళ్లు చక్కబడవు. ఎముకలు ఎదిగే వయసులోనే కాపాడుకోవాలి.

అందుకే దాతలకు మా మనవి. బోరు పడగానే నీటిని ప్రభుత్వ ప్రయోగశాలలో పరీక్ష చేయించాకే జనానికి ఇద్దాం. రుచి, రంగు చూసి ఫ్లోరైడ్‌ను కనిపెట్టలేం; కాచినా అది పోదు. ఎక్కువుందని తేలితే ఆ సొమ్మును నది నీటి కుళాయికో, శుద్ధి యంత్రానికో మళ్లించేందుకు మాకు అనుమతి ఇవ్వండి. అలాంటి ఊళ్లలో పిల్లలకు పాలు, రాగులు, మునగాకు అందేలా కొంత సొమ్ము కేటాయించండి.

మీ పెద్దల పేరు చెక్కిన రాయి పక్కన నీళ్లు పట్టుకునే బిడ్డ నిటారుగా నడవాలి. ఆ దానం అప్పుడే నిలుస్తుంది.