పక్షవాతం: పడిపోయిన చేతికి పని చెప్పండి

పక్షవాతం సోకిన ఇంట ముందుగా వెదికేది తైలాన్నే. మహానారాయణ తైలమో, క్షీరబలా తైలమో గోరువెచ్చగా మర్దన చేస్తే బిగిసిన కండరాలకు హాయి కలుగుతుంది, కాదనము. అయితే దెబ్బ తగిలినది చేతికి కాదు, మెదడుకు. కుడిచేయి పడిపోయిందంటే సాధారణంగా మెదడు ఎడమభాగం దెబ్బతిన్నదన్నమాట. మిగిలిన నాడీకణాలు ఆ పనిని తిరిగి నేర్వాలి. రోగి స్వయంగా, పదే పదే ప్రయత్నించినప్పుడే అవి నేర్చుకుంటాయి.

ఇక్కడే మన ఆప్యాయత అడ్డుపడుతుంది. అన్నం కలిపి నోటికి అందిస్తాం, చొక్కా బొత్తాలు మనమే పెడతాం. తక్కిన పనులు రోగి ఎడమచేత్తో నెట్టుకొస్తాడు. కుడిచేతికి కాస్త కదలిక వచ్చినా దానిని వాడడమే మానేస్తాడు. అమెరికాలో 222 మంది రోగులపై జరిపి 2006లో ప్రకటించిన పరిశోధనలో, కొందరికి మంచి చేతికి తొడుగు వేసి, రెండు వారాలపాటు బలహీనమైన చేత్తోనే పనులు చేయించారు. ఏడాది తరువాత కూడా మామూలు చికిత్స పొందినవారికన్నా వారి చేయి మెరుగ్గా పనిచేసింది. మణికట్టును, వేళ్ళను కొంతైనా పైకెత్తగలిగిన వారికే ఈ పద్ధతి తగును. అదీ ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలోనే.

ఇంట్లో గ్లాసు పట్టుకోవడం, తువ్వాలు మడవడం, గిన్నెలోని శనగలు ఏరడం వంటివి రోజూ చేయించవచ్చు. పట్టు తప్పిన చేతిని పట్టి రోగిని లేవదీయరాదు; భుజం కీలు జారుతుంది. కూర్చున్నప్పుడు ఆ చేతిని దిండుపై ఆనించాలి. కాపడం పెట్టేవారు వేడిని ముందుగా తమ చేతిపై చూసుకోవాలి. స్పర్శ తెలియని చర్మం కాలినా రోగికి తెలియదు.