అంజూరపు పండ్ల ముద్ద

యూదా రాజైన హిజ్కియా మరణకరమైన రోగంతో మంచం పట్టాడు. గోడవైపు ముఖం తిప్పుకుని కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు ఆలకించి పదిహేనేళ్ల ఆయుష్షు పెంచాడు. ఇంతవరకు మన సంఘాల్లో అందరికీ తెలిసిందే. కానీ అదే అధ్యాయం చివర్లో ఉన్న ఒక చిన్న మాటను తరచూ దాటిపోతుంటాం. అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండుకు కట్టమని ప్రవక్తయైన యెషయాయే చెప్పాడు (యెషయా 38:21). మాట ఇచ్చిన దేవునికి ఆ ముద్దతో పనేమిటి? వాక్యం వివరించదు.

వైద్యుల జోలికి పోకూడదనేవాళ్లు ఆసా రాజును చూపిస్తారు. పాదాల జబ్బులో అతడు యెహోవాను విచారించక వైద్యులనే నమ్ముకున్నాడు (2 దినవృత్తాంతములు 16:12). ఆసా తప్పు వైద్యులను పిలవడం కాదు, దేవుణ్ణి పిలవకపోవడం. పౌలును విడిచిపోని లూకా వైద్యుడే కదా (కొలస్సీ 4:14)!

మన డెల్టాకు ఈ సంగతి కొత్త కాదు. 1883లో అమెరికా లూథరన్లు గుంటూరుకు పంపిన అన్నా సారా కుగ్లర్ డాక్టరమ్మ. అయినా మొదట ఆమెకు అప్పగించింది వైద్యం పని కాదు. పరాయి మగవాడు నాడి పట్టుకోవడానికి ఒప్పుకోని ఇళ్లలో ఆడవాళ్ల అవస్థ చూసి ఆమె ఊరుకోలేకపోయారు, మందుల పెట్టె తెరిచారు. మిషన్ పెద్దలు తరువాత ఒప్పుకున్నారు. 1898లో ఆసుపత్రి తెరుచుకుంది. ఆమె 1930లో గుంటూరులోనే కన్నుమూశారు.

ఈనాడు విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్తే ఆ పని మరో రూపంలో కనిపిస్తుంది. 1980లో ప్రైవేటుగా మొదలై తరువాత ప్రభుత్వపరమైన సిద్ధార్థ వైద్య కళాశాలకు ఇదే బోధనాసుపత్రి. 1986లో ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయమూ ఈ ఊళ్లోనే ఉంది. పొద్దున రౌండ్స్‌లో ప్రొఫెసర్ ముందు, ఆయన వెనక అసిస్టెంట్లు, పీజీలు, హౌస్ సర్జన్లు. పామర్రు నుంచో అవనిగడ్డ నుంచో వచ్చిన మనవాళ్లు ఇంతమందిని చూసి బెదిరిపోతారు. ఒకే ప్రశ్న నలుగురూ అడుగుతారు, పొట్ట నలుగురూ నొక్కుతారు. విసుగే. అయితే కుర్ర డాక్టరు పొరబడితే దిద్దే పెద్ద డాక్టరు పక్కనే ఉంటాడు. ఆ మంచం మీది పేదవాడు వైద్యం పొందుతూనే రేపటి వైద్యులకు పాఠమవుతున్నాడు. అతనికి మన సంఘాలు ఎప్పుడైనా కృతజ్ఞత చెప్పాయా?

అసలు బాధ క్షయ రోగుల విషయంలో. ఛాతీ వైద్యులు సాధారణంగా ఆరు నెలల మందులు రాస్తారు. రెండో నెలకే దగ్గు తగ్గుతుంది, ఒళ్లు చేస్తుంది. ప్రభువు ముట్టాడని ఆదివారం సాక్ష్యం, సోమవారం మాత్రలు బంద్! లోపల మిగిలిన క్రిములు మళ్లీ లేస్తాయి, కొన్నిసార్లు ఆ మందులకే లొంగనంత మొండికేస్తాయి. ఇంట్లో పసిపిల్లలకూ అంటుకుంటాయి. ఆ సాక్ష్యానికి చప్పట్లు కొట్టిన మనకు ఇందులో వంతు లేదా?

కుష్ఠురోగిని ముట్టి శుద్ధుణ్ణి చేసిన యేసుప్రభువు అతణ్ణి నేరుగా సాక్ష్యానికి నిలబెట్టలేదు. వెళ్లి యాజకునికి కనుపరచుకోమన్నాడు (మత్తయి 8:4). ఆ రోజుల్లో ఆ చర్మాన్ని పరీక్షించి తేల్చవలసినవాడు యాజకుడే. మన సంఘంలో మాత్రలు మానేస్తానంటున్న సహోదరుడుంటే, పాస్టర్‌గారు ప్రార్థన చేశాక ఎవరైనా అతని వెంట ఆసుపత్రికి వెళ్లి తెమడ పరీక్ష చేయించాలి. మానవచ్చో లేదో ఆ డాక్టరే చెబుతారు. ఆ మాత్రలు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగానే ఇస్తారు.