పంటి వేరులో నింపేదేమిటి?

రూట్ కెనాల్ చేయించుకున్నవాళ్లు "నరం తీసేశారు" అంటారు. తీసిన చోట ఏం పెట్టారని అడిగేవాళ్లు తక్కువ. పెట్టేది సాధారణంగా గట్టాపెర్చా. మలయా అడవుల్లో పెరిగే ఒక చెట్టు పాలు గడ్డకడితే వచ్చే పదార్థమిది, రసాయనికంగా రబ్బరుకు దగ్గరి బంధువు. 19వ శతాబ్దంలో సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగలకు తొడుగు కూడా దీనితోనే వేశారు. డాక్టరు వాడే గులాబీ రంగు పుల్లలో మాత్రం అసలు గట్టాపెర్చా ఐదో వంతే. మిగతాదాంట్లో ఎక్కువ పాలు జింక్ ఆక్సైడ్. ఎక్స్‌రేలో కనపడటానికి బేరియం సల్ఫేటు కలుపుతారు.

పుల్ల గుండ్రంగా ఉంటుంది, వేరు లోపలి దారి అలా ఉండదు. అది కోలగా సాగుతుంది, వంకర తిరుగుతుంది, పక్కపాయలుగా చీలుతుంది. మిగిలిన సందుల్ని సీలర్ అనే సిమెంటు పూడ్చాలి. పాతకాలపు సీలర్లు గట్టిపడుతూ కుంచించుకుపోయేవి, ఏళ్లు గడిచేకొద్దీ కరిగేవి. అందుకే గట్టాపెర్చా ఎంత ఎక్కువుంటే అంత మంచిదని నమ్మారు.

డెంటల్ కాలేజీల్లో తరతరాలుగా నేర్పుతున్నది చల్లని పద్ధతి. పెద్ద పుల్ల దించి, మొనదేలిన స్ప్రెడర్‌తో పక్కకు నొక్కి, ఏర్పడిన జాగాలో చిన్న పుల్లలు దూరుస్తారు. ఖర్చు తక్కువ, పొడవు అదుపులో ఉంటుంది. కానీ పుల్లలు ఒకదాంట్లో ఒకటి కలవవు, చీపురుకట్టలా పక్కపక్కన ఉండిపోతాయి. మరీ గట్టిగా నొక్కితే వేరు చీలనూవచ్చు.

1967లో అమెరికా వైద్యుడు హెర్బర్ట్ షిల్డర్ వెచ్చని పద్ధతిని ప్రతిపాదించాడు. వేడికి మెత్తబడ్డ గట్టాపెర్చాను కిందికి నొక్కితే పక్కపాయల్లోకీ వెళుతుంది. చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది కాబట్టి అప్పటిదాకా నొక్కే ఉంచాలి. ఒక్కోసారి వేరు కొన దాటి బయటికీ పోతుంది.

ఈమధ్య వచ్చిన బయోసిరామిక్ సీలర్లు పాత నమ్మకాన్నే తిరగేశాయి. పంటిలోని తేమతోనే గట్టిపడతాయి, కుంచించుకోవడం చాలా తక్కువ. కాబట్టి ఒకే పుల్ల, చుట్టూ సీలర్ చాలంటున్నారు. మళ్లీ తవ్వి తీయాల్సివస్తే మాత్రం చెమటలు పడతాయి.

ఇంతకీ ఏది మేలు? చల్లని, వెచ్చని పద్ధతులను పోల్చిన అధ్యయనాలను 2007లో కలిపి చూశారు. తర్వాతి నొప్పిలోగానీ, దీర్ఘకాల ఫలితంలోగానీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. కొన దాటి పోవడం మాత్రం వెచ్చని పద్ధతిలో ఎక్కువ. నాకిది వింతగా తోచదు. సూక్ష్మజీవుల్ని తగ్గించే పని చాలావరకు నింపడానికి ముందే, హైపోక్లోరైట్ ద్రావణంతో కడిగేటప్పుడే జరగాలి. ఆపైన లాలాజలం లోపలికి ఊరకుండా పంటిమీద వేసే కప్పు గట్టిగా ఉండాలి. "త్రీడీ ఫిల్లింగ్" అంటూ వెచ్చని పద్ధతికి పెట్టిన బోర్డు చూసి ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పని లేదు.

అయితే కొన్ని పళ్లలో వేరు లోపలి గోడే కరిగి, దారి మధ్యలో బుడగలాంటి గుంట పడుతుంది. ఎన్ని పుల్లలు దూర్చినా ఆ గుంట నిండదు. అక్కడ సాధారణంగా వేడిచేసి మెత్తబరిచిన గట్టాపెర్చా వాడతారు.