బల్ల ముందు పెట్టు, మాట తర్వాత

రాజంపేటలో విదేశం అంటే మొదట నోటికొచ్చే పేరు కువైట్. పోయినవాళ్లో, పోయి వచ్చినవాళ్లో లేని వీధి మా ఊళ్లో కనపడదు. అక్కడికి పోయేది కష్టం చేసుకోను. మా మనవరాలు మాత్రం ఈ చలికాలం బెల్జియం పోతోంది, మాట్లాడేదానికి. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే పిల్ల. బ్రస్సెల్స్‌లో డెవలపర్లంతా కలిసే ఒక సభకు తను చేసిన పని మీద ప్రపోజల్ పంపితే సెలెక్ట్ అయింది. 25 నిమిషాల టాక్. ఫోన్లో ఆ సంగతి చెప్పినప్పుడున్న హుషారు పండక్కి ఇంటికొచ్చేసరికి సగానికి దిగింది.

"అద్దం ముందర నిలబడితేనే నోరెండిపోతాంది జేజినాయనా. అంతమంది తెల్లోళ్ల ముందర నా ఇంగ్లీషు ఎవురికి అర్థమైతాది?"

బడిలో సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. "ఏం కాదులే పాపా" అని తల నిమిరి పంపడం నాకు చాతకాదు. నోరు ఎందుకు ఎండుతుందో తెలిస్తే భయానికి సగం బలం పోతుంది. ఆ పిల్లకు చెప్పిన కబుర్లే మీకూ చెబుతాను.

ఒక్కో కిడ్నీ పైన ఒక చిన్న గ్రంథి ఉంది. ఆపద వచ్చిందని మెదడు అనుకోగానే ఆ గ్రంథి అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతుంది. జపాన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన జోకిచి తకమినే 1901లో ఈ రసాయనాన్ని శుద్ధంగా వేరుచేసి లోకానికి చూపించాడు. గుండె వేగం పెరుగుతుంది, కండరాలకు రక్తం ఎక్కువ పోతుంది. అరుగుదల పనులు మాత్రం వాయిదా పడతాయి. నోట్లో ఊరే లాలాజలం అరుగుదలకు మొదటి మెట్టు గదా, అదీ తగ్గుతుంది. పులి ఎదురైనా, వెయ్యిమంది ఎదురైనా శరీరం చేసే ఏర్పాటు ఇదొకటే. చేతిలో నీళ్ల సీసా పెట్టుకోవాలి. లోపలికి తీసిన గాలిని నిదానంగా, ఎక్కువసేపు బయటికి వదలాలి, గుండె కాస్త నెమ్మదిస్తుంది. ఇంకొకటి. హార్వర్డ్‌లో ఎలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు 2014లో చేసిన ప్రయోగాల్లో, మాట్లాడబోయే ముందు "నాకు హుషారుగా ఉంది" అని పైకి అనుకున్నవాళ్లు, "నేను ప్రశాంతంగా ఉన్నాను" అని సర్దిచెప్పుకున్నవాళ్లకన్నా బాగా మాట్లాడారు. కొట్టుకునే గుండెను ఆపమని బతిమాలేకంటే, అది ఎందుకు కొట్టుకుంటోందో మనమే పేరు మార్చి చెప్పడం తేలిక.

ఇక అసలు సంగతి, ఇంగ్లీషు. ఇక్కడే నేను ఎక్కువసేపు కూర్చోబెట్టాను ఆ పిల్లని.

మనిషి మాటను యంత్రంలో గీతగా గీయించి చూస్తే పదానికీ పదానికీ మధ్య ఖాళీ కనపడదు. ఒకటే తీగగా సాగిపోతుంది. మరి మనకు పదాలు విడివిడిగా ఎట్లా వినపడుతున్నాయి? ఈ ప్రశ్న పట్టుకుని బతుకంతా పనిచేసినాయన మన పక్కవాడే. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, లోకానికి రాజ్ రెడ్డి. మద్రాసు గిండీ కాలేజీలో 1958లో సివిల్ ఇంజనీరింగ్ ముగించి, ఆస్ట్రేలియాలో ఎంటెక్ చేసి, అక్కడే ఐబీఎంలో పనిచేసి, ఆపైన అమెరికా చేరాడు. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్థీ దగ్గర 1966లో డాక్టరేట్ తీసుకున్నాడు. కంప్యూటర్‌కు మాట వినడం నేర్పించడమే ఆ పరిశోధన. 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఇడుపులపాయ క్యాంపస్ ఉన్న ట్రిపుల్ ఐటీల విశ్వవిద్యాలయానికి మొదటి ఛాన్సలర్ కూడా ఆయనే.

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం 1973 నాటికి 'హియర్సే' అనే వ్యవస్థ తయారుచేసింది. దానితో నోటిమాటతో చదరంగం ఆడొచ్చు. ఆటగాడు ఎత్తు చెబితే కంప్యూటర్ వినాలి. అప్పటి యంత్రాల చెవి మహా మందం. ఒక్క శబ్దాన్నే నమ్ముకుంటే ఏ పదమో తేలదు. అందుకని రెడ్డి గారి బృందం చెవికి తోడు ఇంకో రెండు తెలివితేటలు పెట్టింది. వాక్యం ఏ వరసలో నడుస్తుందో తెలిసిన వ్యాకరణం ఒకటి, బల్ల మీద పావులు ఎక్కడున్నాయో తెలిసిన చదరంగ జ్ఞానం ఇంకొకటి. ఆట నడిమధ్యలో ఆడగల ఎత్తులు మహా అయితే కొన్ని పదులు. "గుర్రం" అన్నాడో "మంత్రి" అన్నాడో సరిగా వినపడలేదనుకోండి. మంత్రికి కదిలే దారే లేకపోతే అన్నది గుర్రమే! వినపడనిది తెలిసినదానితో పూరించుకోవడమన్నమాట. అదే విశ్వవిద్యాలయంలో 1976లో వచ్చిన 'హార్పీ' 1,011 పదాలతో వాక్యాలను పట్టుకోగలిగింది. అదీ ఏ పదం తర్వాత ఏ పదం రావచ్చో ముందే అల్లి పెట్టుకోబట్టే.

మనిషి చెవి చేసేదీ ఇదే. సభలో కూర్చున్న జర్మనీ అబ్బాయికి, పోర్చుగల్ అమ్మాయికి మన యాస కొత్త. వాళ్లకు బల్ల కనపడకముందే మనం ఎత్తులు చెప్పడం మొదలుపెడితే తికమకే. మా పిల్ల స్లైడ్లు చూస్తే మొదటిది తన పరిచయం, రెండోది కంపెనీ పరిచయం, మూడోది విషయసూచిక. అసలు సమస్య ఏందో ఆరో స్లైడ్ దాకా లేదు. దాన్ని మొదటికి లాక్కొచ్చాం. సమస్య ఒక్క వాక్యంలో, పెద్ద అక్షరాల్లో. దాని కింద ఈ టాక్‌లో మళ్లీ మళ్లీ వచ్చే నాలుగు పేర్లు. ఆ స్లైడ్ పెట్టి, వాళ్లు చదువుకునేదాకా ఆగి, అప్పుడు నోరు విప్పమన్నాను. మనం పలికే 'త్రీ' ఇంగ్లీషు చెవికి 'ట్రీ'గా తగులుతుంది, ప్రోగ్రామర్ల పనిలో రెండూ ఉన్నాయి. తెర మీద 3 అంకె కనపడుతుంటే ఎవరూ చెట్టనుకోరు. యాస మార్చుకోను రెండు నెలలు చాలవు, స్లైడ్ల వరస మార్చేదానికి ఒక సాయంకాలం చాలు. వినేవాడికి ముందే ఎంత తెలిస్తే మన మాట అంత స్పష్టంగా వినపడుతుంది. యాస గురించి దిగులుపడే ప్రతి తెలుగు పిల్లకూ నేను చెప్పేది ఇదే.

ఇక టాక్‌లో మా పిల్ల చేసి చూపించబోయే డెమో సంగతికొస్తే, 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో కంప్యూటర్ వాళ్ల పెద్ద సభ జరిగింది. అక్కడ డగ్లస్ ఎంగెల్‌బార్ట్ గంటన్నరసేపు సుమారు వెయ్యిమందికి మౌస్ అనే కొత్త వస్తువును, తెర మీద తెర తెరిచే విద్యను చూపించాడు. కంప్యూటర్ ఆ హాల్లో లేదు, యాభై కిలోమీటర్ల అవతల మెన్లో పార్క్‌లో ఉంది. మధ్యలో మైక్రోవేవ్ లింకులు. వెనక ఒక బృందమంతా కాపలా కాసింది. మా పిల్ల వెనక బృందం లేదు, హాలు వైఫైని నమ్ముకుని పోతోంది. కాబట్టి డెమోను ముందే రికార్డు చేసి ల్యాప్‌టాప్‌లో పెట్టుకోమన్నాను. ఇంటర్నెట్ నడిస్తే సరే, నడవకపోతే ఆ వీడియో.

"ముందురోజే హాలుకు పోయి ఒకసారి మాట్లాడి చూసుకుంటా" అంది. పోయి చూసుకోమన్నాను, కానీ ఖాళీ హాలు విని బెదరొద్దన్నాను. 1895లో హార్వర్డ్‌లో కట్టిన కొత్త లెక్చర్ హాల్లో ఒక్క ముక్కా అర్థం కావడంలేదని గొడవ వస్తే, వాలెస్ సాబిన్ అనే యువ అధ్యాపకుడిని చూడమన్నారు. పక్క థియేటర్ నుంచి సీటు దిళ్లు రాత్రిళ్లు మోయించి, ఎన్ని పరిస్తే శబ్దం ఎంతసేపట్లో అణిగిపోతుందో కొలిచాడు. ఖాళీ గదిలో పలికిన శబ్దం అయిదున్నర సెకండ్లు తిరుగుతూనే ఉండేది. దిళ్లు, మనుషులు, బట్టలు శబ్దాన్ని మింగేస్తాయని లెక్కగట్టి చూపాడు. కొత్తిల్లు కట్టి సామాను చేర్చకముందు గది గింగురుమనేది ఇందుకే. ఖాళీ హాల్లో మోగిన గొంతు, చలికోట్లు వేసుకున్న జనం నిండాక అట్లా మోగదు. మైకును మాత్రం నోటికి ఒకే దూరంలో ఉంచుకోవాలి. దూరం రెట్టింపైతే అందే శబ్దశక్తి నాలుగో వంతుకు పడిపోతుంది.

నిద్ర లెక్క కూడా వేసుకున్నాం. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది. రాజంపేట 79 దాటి కొంచెమే కాబట్టి సూర్యుడు మనకు నడినెత్తికి వచ్చేది సగటున 13 నిమిషాలు ఆలస్యంగా. అంత చిన్న తేడా ఒంటికి తెలియదు. బ్రస్సెల్స్ చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. ఇక్కడ పొద్దున అయిదున్నరకు లేచే పిల్లకు అక్కడ రాత్రి ఒంటిగంటకు మెలకువొస్తుంది. ఒంట్లోని గడియారం మెదడులో, కంటి నరాలు కలిసే చోటికి కాస్త పైన ఉంది. దాన్ని సరిచేసేది ముఖ్యంగా వెలుతురు, అదీ రోజుకు సుమారు గంట చొప్పున. పడమటికి పోయేవాళ్లు సాయంకాలం వెలుతుర్లో బయట తిరగాలి. టాక్‌కు మూడు రోజుల ముందే దిగమన్నాను. అడిగే వీలుంటే పొద్దుటి పూట స్లాట్ అడగమన్నాను, అక్కడి పదకొండు మనకు మధ్యాహ్నం మూడున్నర. సాయంకాలమైతే ఒళ్లు నిద్రకు తయారవుతూ ఉంటుంది.

కరెంటు అక్కడా 230 వోల్టులే, తేడా అంతా ప్లగ్గుదే. మన ఫోన్ ఛార్జర్ రెండు పిన్నులు అక్కడి సాకెట్లో దూరతాయి, ల్యాప్‌టాప్ మూడు పిన్నుల ప్లగ్ దూరదు. అడాప్టర్ ఇక్కడే కొనుక్కోవాలి.

రాజంపేట, నందలూరు, కోడూరు, రాయచోటి పక్క ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఒక మాట. ఇట్లాంటి సభలకు ప్రపోజల్ పంపేదానికి మామూలుగా పైసా ఖర్చు లేదు, ఇంటి నుంచే పంపొచ్చు. యూరోపైథాన్, అమెరికా పైకాన్ లాంటివి ప్రయాణ ఖర్చులకు సాయం అడిగే వీలు కూడా ఇస్తాయి. సెలెక్ట్ అయితే వెంటనే ఆహ్వాన పత్రం అడిగి తెప్పించుకోండి. యూరప్ షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు, చివరి రోజుల దాకా ఆగొద్దు. మీరు చేసిన పని ఒకటి ఎంచుకుని, దాని సమస్యను ఒక్క వాక్యంలో రాసి, ఈ నెలలోనే పంపండి.