దీపం ఉండగానే ఊరు చక్కబెట్టుకోవాలి: గ్లాడ్‌స్టోన్ నేర్పిన లెక్కలు

ఆస్ట్రేలియాలో నలుగురు తెలుగువాళ్ళం ఒకచోట చేరితే వీసాలు, పిల్లల స్కూళ్ళు అయ్యాక మాట తప్పకుండా ఇళ్ళ మీదకి మళ్ళుతుంది. ఎవరు ఏ సబర్బులో కొన్నారు, అద్దె ఎంత వస్తోంది, రెండో ఇల్లు ఎక్కడ కొంటే మంచిది అంటూ చర్చ సాగుతుంది. ఆ చర్చలో ఎప్పుడో ఒకప్పుడు "ఫలానా చిన్న ఊళ్ళో పెద్ద ప్రాజెక్టు వస్తోందట, ఇప్పుడే కొనెయ్యాలి" అనే మాట వినపడుతుంది.

నేను ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ కోసం బ్రిస్బేన్ వచ్చి, ఇక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో స్థిరపడ్డవాణ్ణి. స్థిరాస్తి సలహాదారుణ్ణి కాను. కానీ ఒక చిన్న నగరంలో ఇళ్ళ ధరలు ఆకాశానికంటి మళ్ళీ నేలకు దిగితే, ఆ ఊరి కౌన్సిల్ ఏం చెయ్యగలదు, చివరికి బిల్లు ఎవరు కడతారు అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉంది. దానికి జవాబు వెతకడానికి మా రాష్ట్రంలోని గ్లాడ్‌స్టోన్‌ను మించిన ఉదాహరణ లేదు.

మూడు ప్రాజెక్టులు, ఒకేసారి

బ్రిస్బేన్‌కి ఉత్తరంగా 500 కిలోమీటర్లు పైబడిన దూరంలో సముద్రం ఒడ్డున ఉన్న రేవు పట్టణం గ్లాడ్‌స్టోన్. 1967లో అల్యూమినా రిఫైనరీ, 1982లో బోయిన్ అల్యూమినియం స్మెల్టర్, మధ్యలో పెద్ద థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చాయి. బొగ్గు ఎగుమతి సరేసరి. అంటే పరిశ్రమలు తెలియని ఊరేమీ కాదు.

2010 అక్టోబరు నుంచి 2011 జూలై వరకు, పది నెలల కాలంలో, ఎదురుగా ఉన్న కర్టిస్ ద్వీపం మీద మూడు ఎల్ఎన్‌జీ ప్రాజెక్టులకు తుది నిర్ణయాలు జరిగాయి. క్యూసీఎల్ఎన్‌జీ, జీఎల్ఎన్‌జీ, ఏపీఎల్ఎన్‌జీ అనే ఈ మూడూ బొగ్గు పొరల్లోని గ్యాస్‌ను ద్రవంగా మార్చి ఓడల్లో ఎగుమతి చెయ్యడానికి కట్టినవి. మూడు కంపెనీలు పక్కపక్కనే, దాదాపు ఒకే సమయంలో కట్టడం మొదలుపెట్టాయి. నిర్మాణం ముమ్మరంగా ఉన్నప్పుడు పదివేల మందికి పైగా పనిచేశారు. ద్వీపం మీద క్యాంపులు వేసినా ఊరి మీద ఒత్తిడి తగ్గలేదు. 2012 నాటికి మూడు పడక గదుల ఇంటి అద్దె వారానికి సుమారు 600 డాలర్లకు చేరింది. నర్సులు, టీచర్లు, దుకాణాల్లో పనిచేసేవాళ్ళు ఆ అద్దెలు కట్టలేక ఊరు వదలాల్సిన పరిస్థితి వచ్చింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. మొదటి గ్యాస్ ఓడ బయలుదేరింది 2015 జనవరి మొదట్లో. అద్దెలు తగ్గడం మొదలైంది 2013లోనే! అంటే గ్యాస్ అమ్మకం మొదలవక ముందే ఇళ్ళ మార్కెట్ చల్లబడింది. ప్లాంటు కట్టడానికి వేలమంది కావాలి, నడపడానికి కొన్ని వందల మంది చాలు. ఇళ్ళ ధర ఊరి భవిష్యత్తుని చూపించలేదు, నిర్మాణం క్యాలెండర్‌ని మాత్రమే చూపించింది. మన పెద్దలు "వాపుని చూసి బలుపనుకోవడం" అన్నది సరిగ్గా దీన్నే.

2016 నాటికి అదే ఇంటి అద్దె 200 డాలర్ల దరిదాపులకు వచ్చింది. నాలుగు లక్షల డాలర్ల పైచిలుకు ఉన్న మధ్యస్థ ఇంటి ధర, మరికొంత కాలానికి మూడు లక్షల లోపుకి పడిపోయింది.

కౌన్సిల్ చేతిలో ఏముంది?

ఆస్ట్రేలియాలో స్థానిక ప్రభుత్వానికి రాజ్యాంగంలో చోటే లేదు. 1974లోనూ 1988లోనూ రెఫరెండాలు పెట్టినా నెగ్గలేదు. కౌన్సిళ్ళు రాష్ట్ర చట్టం మీద ఆధారపడి బతుకుతాయి. గ్యాస్ మీద వచ్చే రాయల్టీ రాష్ట్ర ఖజానాకి పోతుంది, కంపెనీ ఆదాయపు పన్ను కాన్‌బెర్రాకి పోతుంది. కౌన్సిల్ వెయ్యగలిగిన పన్ను ఒక్కటే, రేట్స్, అంటే మన ఇంటి పన్ను లాంటిది. చెత్త, నీళ్ళు, మురుగు, స్థానిక రోడ్లు, పార్కులు, లైబ్రరీలు నడిపే బాధ్యత మాత్రం కౌన్సిల్‌దే.

భూమి విడుదల కూడా పూర్తిగా దాని చేతిలో ఉండదు. బూమ్ రోజుల్లో క్లింటన్, టానమ్ శాండ్స్ వంటి చోట్ల కొంత భూమిని రాష్ట్రానికి చెందిన అర్బన్ లాండ్ డెవలప్‌మెంట్ అథారిటీ తన పరిధిలోకి తీసుకుని, తానే అనుమతులు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే, అద్దెలు తగ్గాలని. కానీ అనుమతి వచ్చాక పైపులు, రోడ్లు, ఆపైన ఇల్లు అనేసరికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఇళ్ళు తయారయ్యే వేళకి కార్మికులు తిరుగు ప్రయాణంలో ఉన్నారు.

మన వృత్తి భాషలో చెప్పాలంటే, దీపావళి సేల్ రోజు వచ్చే ట్రాఫిక్ చూసి సర్వర్లు ఆర్డర్ చేస్తే, అవి సంక్రాంతికి వచ్చినట్టన్నమాట! సర్వర్లు తిప్పి పంపొచ్చు, మురుగు పైపులు పంపలేం.

ఇందులో డబ్బు చిక్కు కూడా ఉంది. కొత్త ఇల్లు కట్టే డెవలపర్ కౌన్సిల్‌కి ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ చార్జీ కడతాడు. క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 2011లో దీనికి పరిమితి పెట్టింది, మూడు పడక గదుల ఇంటికి 28,000 డాలర్లు. పెద్ద పైపులు ముందే అప్పు తెచ్చి వెయ్యాలి, ఇళ్ళు కట్టేకొద్దీ చార్జీలు వస్తాయి, వాటితో అప్పు తీర్చాలి. ఇళ్ళు కట్టడం ఆగిపోతే చార్జీలు ఆగుతాయి, వడ్డీ ఆగదు.

ఇంటి విలువ సగమైతే పన్ను సగం కాదా?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. జవాబు: కాదు. క్వీన్స్‌లాండ్‌లో పట్టణ ఇళ్ళకు రేట్స్ భూమి విలువ మీద వేస్తారు. ఆ విలువ నిర్ణయించేది రాష్ట్ర వాల్యుయర్ జనరల్. కానీ కౌన్సిల్ ముందు తన ఖర్చు ఎంతో చూసుకుని, ఆ తరువాత డాలరుకి ఎన్ని సెంట్లు వెయ్యాలో నిర్ణయిస్తుంది.

ఊహకి ఒక ఊరు తీసుకుందాం. 10,000 ఇళ్ళు, అన్నిటికీ ఒకే విలువ. కౌన్సిల్‌కి రెండు కోట్ల డాలర్లు కావాలి, ఇంటికి 2,000. రేపు అన్ని విలువలూ సగానికి పడ్డాయి. చెత్త బండి తిరగాల్సిన వీధులు తగ్గవు కదా! సెంట్లు రెట్టింపవుతాయి, బిల్లు అదే 2,000. అద్దె మూడోవంతుకి పడిపోయిన యజమానికి ఈ కాగితం ఎలా కనిపిస్తుందో చెప్పనక్కరలేదు.

అందుకే కొన్ని కౌన్సిళ్ళు భారం ఎవరి మీద వెయ్యాలి అన్నదాంట్లో తేడా చూపించాయి. మకాయ్ కౌన్సిల్ తాము ఉంటున్న ఇంటికి ఒక రేటు, పెట్టుబడి ఇంటికి అంతకన్నా ఎక్కువ రేటు వేసింది. పెట్టుబడిదారులు కోర్టుకెళ్ళారు, 2014లో క్వీన్స్‌లాండ్ సుప్రీం కోర్టులో గెలిచారు. ఆ తరువాత రాష్ట్ర ప్రభుత్వం నిబంధనలు సవరించి కౌన్సిళ్ళకు ఆ వీలు కల్పించింది. సిడ్నీలో కూర్చుని అక్కడ ఇల్లు కొన్న మనవాళ్ళు దీన్ని గుర్తుంచుకోవాలి. క్వీన్స్‌లాండ్ కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు ఆ ఊళ్ళో నివాసం ఉండే పౌరులకే. ఇంటి యజమానికి పన్ను ఉంటుంది, ఓటు ఉండదు.

పశ్చిమాన పోర్ట్ హెడ్‌లాండ్ మరో దారి పట్టింది. ఇనుప ఖనిజం బూమ్‌లో అక్కడ ఇళ్ళు పది లక్షల డాలర్లు దాటాయి. 2015 డిసెంబరులో ఖనిజం ధర టన్నుకి 40 అమెరికన్ డాలర్ల కిందకి పోయింది. 2016లో ఆ కౌన్సిల్ తన విమానాశ్రయాన్ని 50 ఏళ్ళకు లీజుకిచ్చి సుమారు 16.5 కోట్ల డాలర్లు ముందుగానే తీసుకుంది. చేతికి పెద్ద మొత్తం వచ్చింది, ఏటా వచ్చే ఆదాయం 50 ఏళ్ళు పోయింది. ఇది మంచి బేరమా కాదా అన్నది ఆ మొత్తాన్ని ఎంత జాగ్రత్తగా వాడారన్నదాని మీద ఆధారపడుతుంది.

మన సింగరేణి ఊళ్ళతో పోల్చి చూడండి. భూగర్భ గనులు మూతపడ్డాక బెల్లంపల్లి కూడా వెలవెలబోయింది. కానీ అక్కడ కార్మికులకు క్వార్టర్లు కట్టింది కంపెనీయే. గ్లాడ్‌స్టోన్‌లో ఆ రిస్కు బ్యాంకు అప్పు చేసిన ఉపాధ్యాయుడి మీద, వెయ్యి మైళ్ళ దూరంలో ఉన్న ఇంజనీరు మీద పడింది.

మనం అడగవలసిన ప్రశ్నలు

నాకు అర్థమైన సారాంశం ఇది. ధరలు పడ్డాక కౌన్సిల్ చెయ్యగలిగింది చాలా తక్కువ. మాంద్యంలో ఊరు ఎలా ఉంటుందన్నది బూమ్‌లో తీసుకున్న నిర్ణయాల్లోనే ఉంటుంది. తాత్కాలిక కార్మికులకు క్యాంపులా ఇళ్ళా, అప్పు ఎంత, కంపెనీ నుంచి ఏం రాబట్టారు అన్నవి డబ్బు పారుతున్నప్పుడే తేల్చుకోవాలి.

ఈ పాఠం పాతబడలేదు. హైడ్రోజన్ వస్తుందని గ్లాడ్‌స్టోన్ మళ్ళీ ఆశపడింది. 2025 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం సీక్యూ-హెచ్2 ప్రాజెక్టుకి అదనపు నిధులు ఇవ్వబోమంది. అదే ఏడాది జూలైలో ఫోర్టెస్క్యూ అక్కడి తన గ్రీన్ హైడ్రోజన్ ప్రాజెక్టుని విరమించుకుంది. అయితే ఈసారి కౌన్సిల్ 2022లోనే పదేళ్ళ ఆర్థిక పరివర్తన ప్రణాళిక రాసుకుని, ఒక్క పరిశ్రమ మీదే ఆధారపడకుండా చూసుకునే ప్రయత్నంలో ఉంది.

ఇక ఎవరైనా మనకి "ఫలానా ఊళ్ళో ప్రాజెక్టు" అని చెబితే మూడు ప్రశ్నలు అడుగుదాం. కట్టడానికి ఎంతమంది, నడపడానికి ఎంతమంది? అనుమతి పొంది ఇంకా కట్టని ప్లాట్లు ఎన్ని? కౌన్సిల్ అప్పు ఎంత, పెట్టుబడి ఇళ్ళకు రేట్స్ ఎంత? చివరిదానికి జవాబు కౌన్సిల్ బడ్జెట్ పత్రాల్లో ఉచితంగా దొరుకుతుంది. ఇల్లు కొనేముందు వంటగది ఫోటోలు చూసేంత సేపు ఆ పత్రాలు చూసినా చాలు.